ఇనుప మూకుడు

మిరపకాయ లేని తెలుగు వంటను నేడు ఊహించలేము. కాని నన్నయ, తిక్కన, శ్రీనాథుడు ఎరిగిన కారం మిరియాలదే. అమెరికా ఖండపు మిరపను పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు.

గుంటూరు జిల్లాలో ఒక రైతు నలభై ఏళ్లు ఆ మిరపనే పండించాడు. కల్లంలో కాయను విరిచి వాసన చూసి దాని ఘాటు చెప్పగల దిట్ట. అయినా ఇంట్లో కూరలో చిటికెడు కారం వేసి ఎరుగడు. భీముడు విరాటుని కొలువులో వలలుడై గరిటె పట్టాడని పురాణ కాలక్షేపంలో విన్నవాడే! విన్నమాట వంటింటి గడప దాటలేదు. భార్య మరణించాక హోటలు అన్నంతో, ఆవకాయతో కాలం వెళ్లదీస్తూ సగమైపోయాడు.

కనుమకు హైదరాబాదు నుంచి వచ్చిన కుమారుడు తండ్రికి హితవులేమీ చెప్పలేదు. తల్లి వాడిన ఇనుప మూకుడు తుప్పు వదిలేలా తోమి పొయ్యి మీద పెట్టాడు. అరకిలో ఎముకలేని కోడిమాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి ఉప్పు, పసుపు పట్టించాడు. పచ్చిమాంసం తాకిన కత్తిని, చేతులను సబ్బుతో కడుక్కున్నాడు. చాలామంది ఉపేక్షించే పని ఇది.

"ముక్కలన్నీ ఒక్కసారే వేస్తే నీరూరి ఉడుకుతాయి నాన్నా, వేగవు" అంటూ కాగిన నూనెలో సగమే పరిచాడు. అవి ఎర్రబడగానే తీసి, తక్కినవీ వేయించాడు. ఆ నూనెలోనే ఉల్లిపాయ, కరివేపాకు, అల్లంవెల్లుల్లి ముద్ద వేగాక ముక్కలన్నీ మళ్లీ వేసి కారం డబ్బా అందుకున్నాడు.

"మంట తగ్గించరా! కారం మాడితే చేదెక్కుతుంది."

గడపలో కూర్చున్న తండ్రి లేచి లోపలికి వచ్చాడు. డబ్బా తీసుకొని వాసన చూసి, రెండు చెంచాలు తానే వేశాడు. గరిటె అతని చేతిలోనే ఉండిపోయింది. కోడిమాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరాలి. కొలిచే సాధనం లేదు కనుక కుమారుడు పెద్ద ముక్కను తుంచి, గులాబీ రంగు పోయిందని చూపాడు. చివరగా మిరియాల పొడి, కొత్తిమీర. అరగంటలో కూర సిద్ధమైంది.

తెల్లవారితే కుమారుని ప్రయాణం. భోజనమయ్యాక తండ్రి మూకుడు వైపు చూసి అడిగాడు: "ఇది మళ్లీ తుప్పు పట్టకుండా ఏం చెయ్యాలిరా?"

"కడిగి, తడి లేకుండా పొయ్యి మీద ఆరబెట్టి, కాస్త నూనె రాయాలి నాన్నా."

అతడు నూనె గిన్నె కోసం అలమర వెతకసాగాడు.