ఎడ్లింగర్‌ను తలచుకొనుట

నిన్న రాత్రి నిద్ర పట్టక 1982 నాటి ఫ్రెంచి డాక్యుమెంటరీ ఒకటి మరల చూచితిని. నడుమున సుద్దపొడి సంచి తప్ప తాడన్నది లేక, నిట్టనిలువు రాతిగోడపై, వ్రేళ్ళ కొనలతో పట్టు వెదకుకొనుచు, తొందర యెరుగని నర్తకునివలె సాగిపోవు శిలారోహకుడు పాట్రిక్ ఎడ్లింగర్‌ను చూచుచుండగా నా అరచేతులు చెమర్చినవి.

1988లో అమెరికాలోని స్నోబర్డ్ శిలారోహణ పోటీలో విజేత అతడే.
అటుపిమ్మట మనోవ్యాకులతతోను మద్యముతోను పెనుగులాడి, ఆ సంగతిని దాచక చెప్పుకొన్నవాడును అతడే.
2012 నవంబరులో, ఫ్రాన్సులోని వెర్డాన్ లోయ చెంత లా పాలూ గ్రామమున, తన యింటి మెట్లపై పడి, 52 ఏండ్ల వయస్సున మరణించెను.

ఆరోహకులు తమవారిని స్మరించునపుడు తరచుగా రాతిగోడ మీది బొమ్మకే పటము కట్టుదురు. తక్కినదానిని, గౌరవమనుకొని, మరుగుపరతురు. నాకది గౌరవముగా తోచదు. కొండపై జారినవానికి వీరగాథయు, ఇంటిమెట్లపై జారినవానికి మౌనమును ఏల? (అభిమానులకు సిగ్గెక్కువ, మృతునికి కాదు.) బ్రతికియుండగా అతడు దాచనిదానిని మనము దాచుట నా దృష్టిలో అన్యాయమే.

మిత్రులారా, మీరేమందురు? కామెంట్లలో వ్రాయుడు.