కందకంలో చాప్లిన్

ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి కాబట్టే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకు చోటు దొరుకుతుంది. ఆ గుట్టల మధ్య అప్పుడప్పుడూ సినిమా డిస్కులూ ఉంటాయి. చాప్లిన్ ‘షోల్డర్ ఆర్మ్స్’ నాకు అక్కడే దొరికింది. నాంపల్లి స్టేషన్ దాకా నడుస్తూ అట్ట మీది రాతలన్నీ చదివేశాను.

మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతుండగానే వచ్చిన హాస్యచిత్రమిది. విడుదల 1918 అక్టోబరు 20న. తుపాకులు ఆగింది నవంబరు 11న. జనం చచ్చిపోతుంటే నవ్వులాటేమిటని కొందరు మిత్రులు చాప్లిన్‌ను వారించారు. ఆయన మాత్రం నవ్వులన్నీ సిపాయి బాధల్లోంచే తీశాడు. పేలు కుడుతుంటే గోడకు తగిలించిన తురుము రేకుకు వీపు రుద్దుకుంటాడు. పడక నీట మునిగితే గ్రామఫోన్ గొట్టంతో ఊపిరి పీలుస్తూ పడుకుంటాడు. సీసా మూత తీయాలంటే దాన్ని కందకం పైకి ఎత్తి పట్టుకుంటాడు, అవతలివాడి తూటా ఆ పని చేసిపెడుతుంది.

పాత మూకీలను వేగం పెంచి వేస్తే మనుషులు గబగబా గెంతుతున్నట్టుంటారు. 1959లో చాప్లిన్ ఈ సినిమాను మళ్లీ విడుదల చేసినప్పుడు కొన్ని ఫ్రేములను రెండేసిసార్లు ముద్రింపించి నడక నెమ్మది చేశాడు, సంగీతమూ తానే కూర్చాడు. ఆ నెమ్మది వల్లే అతని ముఖం నిలిచి కనిపిస్తుంది.

ముఖ్యంగా ఉత్తరాల సీను. అందరికీ ఇంటి నుంచి ఏదో ఒకటి వస్తుంది, అతనికి ఉత్తరం రాదు. పక్క సిపాయి చదువుకుంటుంటే వెనక నుంచి తొంగిచూస్తూ ఆ ఉత్తరంలోని సంతోషాన్నీ దిగులునూ తనవే అన్నట్టు అనుభవిస్తాడు. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదివిపెట్టగా వాడంతా విన్న ఊళ్లు మనవి. నాతో కలిసి చూసిన మా అమ్మకు ఏ వివరణా అక్కర్లేకపోయింది. “పాపం, వానికెవ్వరు లేరా?” అంది.

ఆ యుద్ధం మనకు దూరపుది కాదు. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం నుంచి పుట్టిన డెక్కన్ హార్స్ రెజిమెంటు సవార్లు 1916 జూలై 14న ఫ్రాన్స్‌లోని సోమ్ రణరంగంలో బల్లేలు పట్టి గుర్రాలు దౌడు తీయించారు. నిజాం లాన్సర్లు పాలస్తీనాలో పోరాడారు. ఢిల్లీ తీన్ మూర్తి విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. ఫ్రాన్స్‌లో మనవాళ్లు రాసిన, చాలామంది రాయించుకున్న ఉత్తరాలు సెన్సారు చేతుల మీదుగానే ఇంటికి చేరేవి. జవాబు కోసం కందకాల దగ్గర ఎదురుచూసిన దక్కనీ సవారు ఎలా ఉండేవాడో నాకు ఏ రెజిమెంటు చరిత్రా చెప్పలేదు. ఈ సినిమా కొంత చెప్పింది.

అమ్మ ఆ సీను మళ్లీ వేయించుకుంది. చాప్లిన్ అన్న సిడ్నీయే సార్జెంటుగానూ జర్మన్ చక్రవర్తి కైజరుగానూ వేశాడంటే మాత్రం నమ్మలేదు. రెండుచోట్లా బొమ్మ ఆపి, ముక్కూ కళ్లూ పోల్చి చూపించాల్సి వచ్చింది.