అసలు పట్టిక – వడపోసిన పట్టిక

మనుష్యుల వ్యవహారాలలో సగభాగం పట్టికలతోనే నడుస్తుంది. కళాశాలనే తీసుకుందాం. ప్రవేశ సమయంలో విద్యార్థి పేరు ఒక పెద్ద రిజిష్టరులోకి ఎక్కుతుంది. తరువాత దానినుండి వసతిగృహంలో ఉండేవారి జాబితా ఒకటి, బస్సు పాసు కోరినవారి జాబితా ఒకటి, ఫీజు బకాయిల జాబితా ఒకటి, ఇలా ఎన్నో పిల్ల జాబితాలు పుట్టుకొస్తాయి. ఒక విద్యార్థి టి.సి. తీసుకుని వేరే ఊరు వెళ్ళిపోతే పెద్ద రిజిష్టరులో అతని పేరుమీద ఎర్రసిరా గీత పడుతుంది. వసతిగృహం జాబితాలో మాత్రం అతడు మరి రెండు నెలలపాటు నిశ్చింతగా భోజనం చేస్తూనే ఉంటాడు! ఈ తమాషా ఎరుగనివారు అరుదు. దాని వెనుకనున్న చిక్కును గురించి నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రోగ్రాములు వ్రాయడం నా వృత్తి. బ్రౌజరులో నడిచే అప్లికేషన్లకు జావాస్క్రిప్ట్ అనే భాష ఆధారం. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ దీని తొలిరూపాన్ని సుమారు పది రోజులలో సిద్ధం చేశాడు. 2009 డిసెంబరులో వెలువడిన ఈ భాషాప్రమాణపు ఐదవ కూర్పులో ‘ఫిల్టర్’ అనే సాధనం చేరింది. ఒక పట్టికకు ఒక షరతు విధించి దీనిని ప్రయోగిస్తే, షరతుకు సరిపోయినవాటిని మాత్రమే ఏరి కొత్త పట్టికగా అందిస్తుంది.

దీనిని జల్లెడతో పోల్చడం పరిపాటి. ఆ పోలిక పూర్తిగా అతకదు. జల్లెడ పట్టిన తరువాత పిండి క్రిందికీ పొట్టు పైకీ విడిపోతాయి. మొదటి రాశి మిగలదు. ఫిల్టర్ చేసినప్పుడు మొదటి పట్టిక చెక్కుచెదరక ఉంటుంది; కొత్త పట్టిక దాని ప్రక్కన నిలుస్తుంది. మరొక విశేషం కూడా గమనించదగినది. విద్యార్థి వివరాలు కలిసి ఒక వస్తువుగా ఉన్నప్పుడు, కొత్త పట్టికలోకి వచ్చేది దాని నకలు కాదు, ఆ వస్తువే. కనుక అందులోని చిరునామాను దిద్దితే రెండు పట్టికలలోనూ దిద్దినట్లే కనబడుతుంది. అది చూచినవారికి రెండు పట్టికలూ జోడెడ్లవలె కలిసి నడుస్తున్నాయన్న నమ్మకం కలుగుతుంది. అయితే ఎవరు లోపల, ఎవరు వెలుపల అన్న నిర్ణయం ఫిల్టర్ నడిచిన క్షణంలోనే ముగిసిపోయింది. ఆ పిమ్మట అసలు పట్టికలో కొత్తవారు చేరినా, ఉన్నవారు షరతుకు దూరమైనా వడపోసిన పట్టికకు ఆ వార్త అందదు. పూర్తిగా తప్పుచెప్పే జాబితాను ఎవరైనా అనుమానిస్తారు. సగం నిజం చెప్పే జాబితాను అనుమానించేవారు తక్కువ.

ఇది కేవలం పండితులు తర్కించుకునే విషయమని అనుకోరాదు. కొన్నేళ్ళ క్రితం ఒక కార్యాలయంలో స్కాలర్‌షిప్పు దరఖాస్తుల అప్లికేషనును పరిశీలించమని నన్ను కోరారు. దానిని తయారుచేసినవారు వేరొకరు. అక్కడి గుమాస్తా ‘ఆదాయ ధ్రువపత్రం అందనివారు’ అనే జాబితాను తెరమీద ఉంచుకొని, యంత్రాన్ని ఆపకుండా రోజుల తరబడి దానితోనే పనిచేసేవాడు. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తన పత్రాన్ని ప్రక్క కిటికీలో సమర్పించింది. అక్కడ నమోదైన మార్పు అన్ని తెరలకూ వెంటనే చేరే ఏర్పాటు ఉంది. ఆమె పేరుకెదురుగా ‘అందినది’ అన్న మాట కూడా వచ్చి చేరింది. అయినా ఆమె పేరు మాత్రం అందనివారి జాబితాలోనే ఉండిపోయింది. “నీ పేరు ఇందులోనే ఉందమ్మా, పత్రం తీసుకురా” అని గుమాస్తా చెప్పాడు. అతడు చదివింది శీర్షికను. వరుస చివరనున్న చిన్న అక్షరాలను కాదు. ఆ అమ్మాయి మూడుసార్లు తిరిగింది. రెండవ పత్రంకోసం ఆమె తండ్రి ఒకనాటి కూలి వదులుకొని తహసీల్దారు కార్యాలయం వద్ద నిలబడ్డాడు. గడువు ముగియడానికి నాలుగు రోజులు ఉందనగా అసలు పట్టికతో పోల్చిచూడగా విషయం బయటపడింది. ఆమెవంటివారు మరికొందరున్నారు. ఇక ఆ జాబితా సిద్ధమైన తరువాత దరఖాస్తు చేసినవారిలో పత్రం ఇవ్వనివారు అందులో కనబడనే లేదు. వారికి పత్రం కావాలని చెప్పేవారే లేరు.

ఈ చిక్కు విడదీయడానికి మూడు మార్గాలున్నాయి. మొదటిది అతి సులభం: వడపోసిన పట్టికను దాచుకోకుండా, చూపవలసిన ప్రతిసారీ అసలు పట్టికనుండి కొత్తగా వడపోయడం. వెయ్యి వరుసలకు ఈ పని రెప్పపాటులో ముగుస్తుంది. లక్షల వరుసలుంటే తప్ప శ్రమను గురించి చింతించనక్కరలేదు.

రెండవది వార్తలు పంపే పద్ధతి. 2010లో వచ్చిన బ్యాక్‌బోన్ వంటి గ్రంథాలయాలలో అసలు పట్టిక తనలో ఏది చేరినా, తొలగినా, మారినా చాటింపు వేస్తుంది. వడపోసిన పట్టిక ఆ చాటింపును చెవినివేసుకొని తనను సరిదిద్దుకోవాలి. చేరినది షరతుకు సరిపోతుందా? మారినది ఇప్పుడు లోపలికి రావాలా, వెలుపలికి పోవాలా? షరతే మారితే ఏమిచేయాలి? వీటిలో ఏ ఒక్కదానిని విస్మరించినా పట్టికలు మళ్ళీ విడిపోతాయి.

మూడవది ఆధారపడే సంబంధాన్ని యంత్రానికే అప్పగించడం. అదే 2010లో వచ్చిన నాకౌట్, 2014లో వచ్చిన వ్యూ ఈ మార్గాన్ని అనుసరించాయి. ‘ఈ పట్టిక ఆ పట్టికనుండి, ఈ షరతుతో పుట్టినది’ అని ఒక్కసారి ప్రకటిస్తే చాలు. మూలం మారినప్పుడు ఫలితం తిరిగి లెక్కకు వస్తుంది. ఈ ఊహ కొత్తది కాదు. 1979లో వచ్చిన విజికాల్క్ పట్టికలో ఒక గడిలోని అంకె మార్చితే దానిపై ఆధారపడిన మొత్తాలన్నీ మారేవి. 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన సిద్ధాంతంపై వెలసిన డేటాబేసులలోనూ మామూలు ‘వ్యూ’కు సొంత వరుసలుండవు, అడిగినప్పుడల్లా మూలపట్టికలనుండే జవాబు వస్తుంది.

నీళ్ళు నింపిన పది కుండలలో పది చంద్రబింబాలు కనబడతాయి. ఆకాశంలో చంద్రుడు క్షీణిస్తే పదీ క్షీణిస్తాయి. వాటికి ఎవరూ కబురు పంపనక్కరలేదు. గోడమీద చిత్రించిన చంద్రుడు మాత్రం అమావాస్యనాడు కూడా నిండుగానే ఉంటాడు. వడపోసిన పట్టిక ప్రతిబింబం కావాలి గాని చిత్తరువు కారాదు. ఆ కార్యాలయంలో మేము చేసిన సవరణ సారాంశం ఇంతే: దాచిన జాబితాను తీసివేసి, అసలు పట్టిక మారినప్పుడల్లా వడపోత తిరిగి జరిగేటట్లు ఏర్పాటు చేశాము.

ఇంకొక జాగ్రత్త ఉంది. వడపోసిన పట్టికలో మూడవ వరుసలో ఉన్నవారు అసలు పట్టికలో పదిహేడవ వరుసలో ఉండవచ్చు. తెరమీద మూడవదానిని తొలగించమంటే, అసలు పట్టికలో మూడవదానిని తొలగించే ప్రోగ్రాము ఒక నిర్దోషి పేరు తుడిచివేస్తుంది. వరుససంఖ్యను నమ్మరాదు. పేరును నమ్మడమూ కష్టమే. మన ప్రాంతంలో మహమ్మద్ అన్న పేరును ఇంగ్లీషులో ఎన్ని విధాలుగా వ్రాస్తారో మనకు తెలిసినదే. ఉర్దూలోనుండి తెలుగులోకి వచ్చేసరికి మరికొన్ని రూపాలు చేరుతాయి. కనుక ప్రతి వ్యక్తికీ మారని ఒక సంఖ్య ఉండాలి. ఏ దిద్దుబాటైనా ఆ సంఖ్యను పట్టుకొని అసలు పట్టికలోనే జరగాలి.

రేపు ఉద్యోగాలలో చేరబోయే విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. మీరు ప్రోగ్రాములు వ్రాసేవారు కావచ్చు, కిటికీ వెనుక కూర్చునేవారు కావచ్చు. మీ ముందున్న జాబితా ఎప్పటిదో, దేనినుండి పుట్టినదో ఒక్కసారి విచారించండి. కిటికీకి ఆవలినున్న మనిషి ‘ఇచ్చానండీ’ అన్నప్పుడు, కాదని చెప్పేముందు అసలు పట్టిక తెరిచి చూడండి. అందుకు ఒక నిమిషం పడుతుంది. తెరవకపోతే అవతలివారికి ఒక సంవత్సరం చదువు పోవచ్చు.