బిడియం జబ్బు కాదు

ఉద్యోగంలో చేరిన కొత్తలో, రెండేళ్ళ బిడ్డ నన్ను చూసి తల్లి కొంగు చాటుకు చేరితే వెంట వచ్చిన అమ్మమ్మ మురిసిపోయేది. "మా వాడు బుద్ధిమంతుడు బాబూ, నోట్లో వేలు పెట్టినా కొరకలేడు" అనేది. పదవీ విరమణకు ముందు సంవత్సరాలలో అదే వయసు బిడ్డ అదే విధంగా దాగుకొంటే తల్లి దిగులుపడేది. "ఎవరితోనూ కలవడు డాక్టరు గారూ, రేపు స్కూల్లో ఎలా నెగ్గుకొస్తాడు? టానిక్కు ఏమైనా రాస్తారా?" అని అడిగేది. పిల్లల స్వభావం అదే. చూసే పెద్దల కన్ను మారింది.

న్యూయార్కులో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే మానసిక వైద్య దంపతులు 1956లో పసిపిల్లల స్వభావాలపై దీర్ఘకాల పరిశీలన ప్రారంభించారు. కొత్తదానికి మెల్లగా అలవాటుపడే పిల్లలను వారు ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించారు. బిడ్డ స్వభావానికీ, చుట్టూ ఉన్నవారి అపేక్షలకూ పొత్తు కుదరనప్పుడే చిక్కులు తలెత్తుతాయని వారి నిర్ణయం.

ఆ అపేక్షలను సంస్కృతి నిర్దేశిస్తుంది. షిన్‌యిన్ చెన్, కెనెత్ రూబిన్ తదితరులు చైనా, కెనడా దేశాల రెండేళ్ళ పిల్లలను పరిశీలించి 1998లో ఫలితాలు ప్రచురించారు. కొత్తవారి ముందు వెనుకాడే బిడ్డ పట్ల చైనా తల్లులలో ఆదరణ అధికంగా కనిపించగా, కెనడా తల్లులలో దండించే ధోరణి కనిపించింది. చెన్ బృందమే షాంఘై బడిపిల్లలను 1990, 1998, 2002 సంవత్సరాలలో పరిశీలించింది. 1990లో తోటివారి మన్నన పొందిన బిడియస్తులు 2002 నాటికి నిరాదరణకు గురయ్యారు. పోటీ పెరిగిన నగరంలో నెమ్మదితనం విలువ తగ్గింది. మన ఇళ్ళలోనూ నేను చూసిన మార్పు ఇటువంటిదే.

ఇంతా చదివిన నేను నా ఇంట్లో చేసిన పొరపాటు చెప్పక తప్పదు. మా అబ్బాయి రెండున్నరేళ్ళప్పుడు, అతిథులు వస్తే తలుపు వెనుక దాగేవాడు. నేను వాడిని ఎత్తుకొచ్చి నడిమింట నిలబెట్టి, "నమస్కారం పెట్టు, పాట పాడు" అనేవాణ్ణి. ఏడిస్తే, "వీడు వట్టి పిరికివాడు" అని అందరి ముందూ నవ్వేవాణ్ణి.

నిరుడు వేసవిలో మనవడు వచ్చాడు. వాడూ తండ్రి కాళ్ళ వెనుక దాగాడు. నేను చేతులు చాచి ముందుకు వెళ్ళబోతే, మా అబ్బాయి మెల్లగా, "వదిలేయండి నాన్నగారూ, వాడే వస్తాడు" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడవ రోజున వాడు తానుగా వచ్చి నా కళ్ళజోడు లాగాడు.

తల్లిదండ్రులకు నా మనవి. బిడియపడే బిడ్డను ముందుకు నెట్టకండి. అలాగని నలుగురిలోకి తీసుకువెళ్ళడం మానకండి. ఒడిలో కూర్చోబెట్టుకొని వ్యవధి ఇవ్వండి. వాడు వింటుండగా "పిరికివాడు", "మొద్దు" అనకండి.

అయితే పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం, కావలసినది వేలితో చూపకపోవడం, ఇంట్లోవారి కళ్ళలోకైనా చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం బిడియ లక్షణాలు కావు. వాటిని గమనిస్తే ఆలస్యం చేయక పిల్లల వైద్యుని సంప్రదించండి. తక్కిన పిల్లలకు కావలసిన మందు మన ఓపికే.