క్లచ్చు ఖరీదు

ధనవిషయమున మనకు హాని చేయు సలహాలు తరచుగా శత్రువుల నోట వెలువడునవి కావు. మన క్షేమమును మనసార కోరెడివారు, తమ భయమునే లెక్కగా భావించి, పదిమంది యెదుట ఆప్యాయముగా చెప్పునవి. నేను డాలస్ ప్రాంతమున ఉద్యోగమందు కుదురుకొని, చిరకాలముగా మనసుపడిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును, అదియు మాన్యువల్ గేర్లదానిని, సెకండ్ హ్యాండులో కొని, దానిమీదనే క్లచ్చు నేర్చుకొందునని చెప్పినప్పుడు మా బావగారిచ్చిన సలహా ఇట్టిదే. ఏండ్లు గడచినను ఆ మాట తలపునకు వచ్చినప్పుడెల్ల మనస్సు కలుక్కుమనుచునే యున్నది.

“ఏవయ్యా, క్లచ్ మీద కాలు పెట్టడం ఎరగనివాడివి, స్పోర్ట్స్ కారు మీద నేర్చుకుంటావా? నెల తిరక్కుండా ప్లేటు కాల్చేస్తావు. హాయిగా కొత్త ఆటోమేటిక్ తీసుకో. ఆరేళ్ల లోను పెట్టుకుంటే నెలకి ఐదొందలు. నీకదో లెక్కా?” అనిరి. అంతటితో ఊరకున్నచో నాకు బాధ లేకపోయెడిది. గుంటూరునుండి వచ్చియున్న మా నాన్నగారివైపు తిరిగి, “వీడికి డబ్బు విలువ తెలీదండీ మామయ్యగారూ” అని ముక్తాయించిరి. పాలవాని బాకీ మొదలు బీమా ప్రీమియము వరకు జీవితమంతయు ప్రతి పైసను నోటుపుస్తకమున వ్రాసిపెట్టిన మనిషి యెదుట, ఆయన పెంచిన కొడుకును గూర్చి ఆ మాట! నాన్నగారు బదులు పలుకలేదు. ఆ మౌనము నన్ను ఎక్కువ బాధించినది.

బావగారి మాటకు మా యింట విలువ యుండుటకు కారణము లేకపోలేదు. ఆయన విజయవాడలో స్టీరింగు పక్కన గేరుకఱ్ఱ గల అంబాసిడరు మీద చేయి తిరిగినవారు. మా యింట కారు లేదు. నాకు తెలిసిన క్లచ్చు స్కూటరు హ్యాండిలుకు ఉండునది మాత్రమే. అమెరికాలో ఆటోమేటిక్ మీద పరీక్ష యిచ్చి లైసెన్సు పొందితిని. అచ్చట లైసెన్సు గేర్ల తేడా ఎంచదు. కావున, అనుభవము ఆయనది, కోరిక నాది. తూకము ఎటు మొగ్గునో చెప్పనక్కరలేదు. అయినను నేను నా కోరికనే అనుసరించితిని. ఆరేండ్లు నిండినవి గనుక లెక్క చెప్పుటకిది సమయము.

బావగారు చూపిన కొత్త ఆటోమేటిక్ కూపే ధర 34,000 డాలర్లు. ముందుగా 4,000 చెల్లించి, 30,000కు సాలుకు 6 శాతము వడ్డీపై 72 నెలల లోను తీసికొన్నచో నెలకు 497 డాలర్ల 19 సెంట్లు, వెరసి 35,798. ఇందు వడ్డీయే 5,798. టెక్సాసులో వాహనముల అమ్మకపు పన్ను 6.25 శాతము గనుక మరి 2,125. లోనిచ్చినవారు పూర్తి బీమా ఉండి తీరవలెనందురు. నేను కట్టినదానికంటె అది నెలకు 40 అధికము, ఆరేండ్లకు 2,880. అంతయు కలిపి 44,803. ఆరేండ్ల పిమ్మట కొన్న ధరలో నూటికి 40 వంతులు, అనగా 13,600, తిరిగి వచ్చునని ఉదారముగానే అనుకొందము. మరమ్మతులకు ఒక్క డాలరైనను కాలేదనియు అనుకొందము. నికరముగా పోవునది 31,203.

ఇక నా పద్దు. నేను కొన్నది 2013 నాటి మాజ్డా ఎం.ఎక్స్-5, అమెరికాలో అందరును మియాటా అందురు. 1989లో షికాగో ప్రదర్శనలో తొలుత కనబడి, 2016 నాటికి పదిలక్షలు తయారైన కారు గనుక విడిభాగములకు కొదువ లేదు; దానిని విప్పి బిగించుట తెలిసిన మెకానిక్కులకును కొదువ లేదు. ధర 11,000, రొక్కము. పన్ను 688. గేర్లు నేర్పినవారికి 300. టైర్లు, బ్రేకులు, గుడ్డ టాపు కుట్లు మొదలగువాటికి ఆరేండ్లలో 2,600. ఐదవ యేట క్లచ్చు మార్పించితిని: ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజు బేరింగు కలిపి 350, గేర్‌బాక్సు దింపి యెక్కించు కూలి 1,100, వెరసి 1,450. నేడు కారుకు 7,500 ఇచ్చెదమనుచున్నారు. ఈ లెక్కను గుంటూరు పంపగా నాన్నగారు ఫోనులో అడిగిన ప్రశ్న ఒక్కటే: “నువ్వు ముందుగా ఏడువేలు ఎక్కువ పెట్టావు కదా, దాని వడ్డీ ఏదిరా?” న్యాయమైన ప్రశ్న. 7,000కు 4 శాతము చక్రవడ్డీ ఆరేండ్లకు 1,857. అదియు నా ఖర్చులోనే వేసితిని. నికరము 10,395. రెంటికి గల అంతరము 20,808, అనగా నెలకు సరిగా 289 డాలర్లు.

లీజు తీసికొనుట, పాత సెడానుతో సరిపెట్టుకొనుట వంటి మార్గములును కలవు. అవి నా కోరికను తీర్చునవి కావు గనుక ఇచ్చట విచారింపలేదు.

ఇప్పుడు బావగారి భయమునకు వత్తును. క్లచ్చు ప్లేటు అరుగుటకే పుట్టిన వస్తువు. ఇంజను తిరుగుచుండ చక్రములు నిలిచియున్న ఆ క్షణమున, రెండు వేగములు ఒకటగువరకు ప్లేటు జారుచు వేడెక్కును. చదునైన నేలపై ఆ వేడి ఇంజను వేగపు వర్గముననుసరించి పెరుగును: నిమిషమునకు 1,000 తిరుగుళ్లవద్ద కారును కదలించువానికంటె 3,000 వద్ద కదలించువాడు పుట్టించు వేడి మూడింతలు కాదు, తొమ్మిదింతలు. కనుక ప్లేటును కాల్చునది అనుభవలేమి కాదు, బండి ఆగిపోవునేమో అను భయముచే ఆక్సిలరేటరును తొక్కిపట్టుట. నాకు నేర్పిన రిటైరైన పెద్దమనిషి, ఆదివారము ఉదయము మూసియున్న ఆఫీసుల పార్కింగు స్థలమున కారు నిలిపించి, కుడికాలును నేలపై పెట్టించి, ఎడమకాలితో మాత్రమే క్లచ్చును మెల్లమెల్లగా వదలుమనిరి. టాకోమీటరు ముల్లు కొంచెము దిగును. సీటు క్రింద సన్నని కంపము పుట్టును. అచ్చట కాలు నిలిపినచో, పదకొండువందల కిలోల పైచిలుకు బరువు గల ఆ తేలిక కారు ఆక్సిలరేటరు తగులకయే ముందుకు జరుగును. తొందరపడినచో ఇంజను ఆగిపోవును. ఆగిన ఇంజనుకు ఖర్చు సున్న. మరల తాళము త్రిప్పిన చాలును. ఈ ఒక్క సంగతి బోధపడిన నాటినుండి నా కాలు వణకలేదు. సిగ్నలువద్ద న్యూట్రలులో ఉంచుట, ఎత్తుపై క్లచ్చుతో కారును నిలుపక హ్యాండ్‌బ్రేకు వేయుట, నడుపునప్పుడు పెడలుపై పాదము ఆనింపకుండుట అటుపిమ్మట అలవాటైనవి.

నిజముగా భయపడదగినది వేరొకటి కలదు. దానిని బావగారు చెప్పనేలేదు. వేగముగా పోవుచు ఐదవ గేరునుండి నాల్గవదానికి రాదలచి, చేతి దురుసువలన రెండవదానిలో వేసి క్లచ్చు వదలినచో, చక్రములే ఇంజనును దాని హద్దు దాటించి త్రిప్పును. లిమిటరు పెట్రోలును ఆపగలదు గాని చక్రముల బలమును ఆపజాలదు. వాల్వులు వంగును, ఒక్కొక్కప్పుడు ఇంజనే పోవును. ఈ పొరపాటునకు కారుప్రియులలో మనీ షిఫ్ట్ అని పేరు. దీనికి మందు, గేరుకఱ్ఱను పిడికిట బిగింపక అరచేతితో నెట్టుట. లోపలి స్ప్రింగు దానిని తనంతట మధ్యకు తెచ్చును.

ఇట్లు చూచినచో, బావగారు బెదరించిన క్లచ్చు విషయమున నాకు పోగల సొమ్మునకు గట్టు కలదు: ఒక్కమారు కాలినచో 1,450, అంతకు మించదు. బావగారి ఉపాయమున అట్టి గట్టు లేదు. వడ్డీ, తరుగు, బీమా ప్రతినెల చప్పుడు చేయకుండ పోవుచుండును. ఎంత పోవునో తెలిసిన నష్టమునకు జంకి, అంతకు పదింతలైన నష్టమును నెలవాయిదాలుగా చీల్చి, అది భద్రతయని పేరుపెట్టుకొనుట మన మధ్యతరగతి కుటుంబములలో చిరకాలముగా సాగుచున్న వ్యవహారము. ఇండ్ల విషయమునను, పెండ్లిండ్ల విషయమునను నేను దీనినే చూచితిని. అప్పు సర్వదా చెడ్డదని నా వాదము కాదు. విలువ పెరుగు వస్తువునకైనను, విద్యకైనను అప్పుచేయుట వివేకమే కావచ్చును.

పెద్దలు చెప్పిన ప్రమాదమును త్రోసిపుచ్చనక్కరలేదు. దాని ధర యెంతయో వారినే అడిగి, ఆ అంకెను కాగితముపై వేసి, అది ఎన్ని మారులు సంభవించినచో వారి ఉపాయము మనకు లాభించునో భాగహారము చేయవలెను. బావగారు బెదరించినట్లు నా క్లచ్చు కాలిపోయినదే అనుకొందము. 20,808ని 1,450తో భాగించి చూడుడు. నేను మార్పించినది గాక మరి పదునాలుగు క్లచ్చులు కాల్చినను ఆయన సలహాకంటె నాకు ఇంకను 508 డాలర్లు మిగులును.