ఖాన్ దాదా మళ్ళీ వచ్చిన ఏడాది

'మనీ' సినిమా 1993లో వచ్చింది, 'మనీ మనీ' 1995లో. ఆ రెండింటికీ నడుమ 1994లో మా గౌలిగూడ బస్టాండు మూసీ దగ్గర ఇమ్లీబన్‌కి తరలిపోయింది. బయటివాళ్ళకు ఈ సంగతులకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. మాకు ఉంది. బస్టాండు ఎదుటి సందు మొదట్లో నాయినకు పాటల క్యాసెట్ల దుకాణం ఉండేది. ఊళ్ళకు పోయే ప్యాసింజర్లు బస్సెక్కే ముందు కొనుక్కుపోయే క్యాసెట్ల మీదే మా ఇల్లు గడిచేది.

ఆ బస్టాండును చూడనివాళ్ళకు అదెట్లా ఉండేదో చెప్పాలి. అది మామూలు బస్టాండు కాదు. విమానాలు పెట్టుకోవడానికి నిజాం కాలంలో అమెరికా నుంచి తెప్పించి నిలబెట్టిన హ్యాంగరు. అటు నేల నుంచి ఇటు నేల దాకా విల్లులా వంగిన ఇనుప రేకుల కప్పు, దాని కింద బస్సులు. 1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్ళు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పటి నుంచి బస్సులకూ ఆ కప్పుకూ పొత్తు కుదిరింది. వాన పడితే ఆ రేకుల చప్పుడుకి మైకులో ఏ బస్సు పేరు చెప్తున్నారో వినపడేది కాదు. జనం ఒకరినొకరు అడుక్కుంటూ పరుగెత్తేవాళ్ళు. వాన తగ్గేదాకా కొందరు మా దుకాణం ముందు నిలబడేవాళ్ళు. నిలబడ్డవాళ్ళలో ఎవరో ఒకరు క్యాసెట్ కొనేవాళ్ళు. అందుకే నాయినకు వాన అంటే ఇష్టం.

'మనీ' పాటలు మా దుకాణంలో మోగినన్ని రోజులు వేరే పాటలు మోగలేదనిపిస్తుంది. సిరివెన్నెల రాశారు, శ్రీ సంగీతం. ఈ శ్రీ, సంగీత దర్శకుడు చక్రవర్తిగారి అబ్బాయి. ఖాన్ దాదా అనే గల్లీ రౌడీ మొహంలో సినిమా హీరో కళ ఉందని కుర్రాళ్ళు ఎత్తుకునే పాట ఉంది చూడండి, దాని కోసం మనుషులు పాట పేరు కూడా అడిగేవాళ్ళు కాదు. "అన్నా, ఖాన్ దాదాది ఉందా?" అనేవాళ్ళు. వినీ వినీ మా దుకాణం క్యాసెట్ సరిగ్గా ఆ పాట దగ్గరే తెగింది. నాయిన దాని స్క్రూలు విప్పి, తెగిన రెండు కొసలను బ్లేడుతో ఏటవాలుగా కోసి, వెనక వైపు సన్నటి టేపు ముక్క అంటించి, గోటితో అదిమి, మళ్ళీ బిగించాడు. ఆ తర్వాత ఆ పాటలో ఒకచోట చిన్న గతుకు వచ్చేది. ఇప్పటికీ ఆ పాట ఎక్కడ విన్నా నా చెవి ఆ గతుకు కోసం చూస్తుంది.

పక్క దుకాణం స్కూటర్ స్పేర్ పార్టులది. దాని ఓనరు చాచా మమ్మల్ని రోజూ పొద్దున అడిగేది ఒక్కటే: "బేటా, ఖాన్ దాదాకు లగా!" ఆయన ఆ మాట అనడం నాకిప్పుడు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. 1990 డిసెంబరు మత కలహాలప్పుడు మా సందులో షట్టర్లు దించుకుని ఉన్నాం. మూసీ అవతల నుంచి వచ్చే ప్రతి వార్తకూ పెద్దవాళ్ళ మొహాలు మారిపోయేవి. నాకు అప్పుడు కర్ఫ్యూ అంటే ఏమిటో సరిగా తెలియదు, అమ్మ వాకిట్లోకి పోనియ్యకపోవడం ఒక్కటే తెలుసు. ఆ తర్వాత మూడేళ్ళు తిరగకుండానే ఖాన్ అనే పేరున్న రౌడీని చూసి మా సందు మొత్తం, చాచాతో సహా, ఒకే హాల్లో కూర్చుని నవ్వింది. ఆ నవ్వులో ఎవరి మీదా విషం లేదు. ఖాన్ దాదా ఎవరి మతానికీ గుర్తు కాదు, ప్రతి గల్లీలో ఉండే, తనని తాను చాలా గొప్పగా ఊహించుకునే మనిషి. సినిమా ఇట్లా చేయగలదని నేను అక్కడే నమ్మాను. ఈరోజుకీ నమ్ముతాను.

'మనీ' కథ మూలం హాలీవుడ్‌ది. 1986లో వచ్చిన 'రూత్‌లెస్ పీపుల్' అనే సినిమా. డబ్బుల్లేని కుర్రాళ్ళు డబ్బున్నావిడను ఎత్తుకొస్తారు, మొగుడు డబ్బివ్వడు సరికదా పీడ వదిలిందని సంబరపడతాడు. ఆ మొగుడుగా పరేష్ రావల్, ఆవిడగా జయసుధ, కుర్రాళ్ళుగా జె.డి. చక్రవర్తి, చిన్నా. అయితే కథ ఎక్కడి నుంచి వచ్చినా ఖాన్ దాదా మాత్రం పక్కా హైదరాబాదు మనిషి. ఆ దాదాగా చేసిన బ్రహ్మానందం అప్పటికే 'అహ నా పెళ్ళంట'లో అరగుండుగా ఊరూరా తెలుసు. కానీ అరగుండు తిట్లు తినే మనిషి. ఖాన్ దాదా పొగడ్తలు తినే మనిషి. ఎదుటివాళ్ళు పొగిడితే అది ఎగతాళని మనకు తెలుస్తుంది, ఆయనకు తెలియదు. ఆ తెలియకపోవడాన్ని బ్రహ్మానందం కంటితో, మెడతో, నడకతో ఎంత నిష్ఠగా చేశాడంటే, నవ్వుతూనే ఆయన మీద ప్రేమ పుడుతుంది.

ఆ పక్కన అసిస్టెంటు మాణిక్యం. తనికెళ్ళ భరణి. ఈ సంగతి నాకు పెద్దయ్యాకే తట్టింది: 'శివ'లో (1989) విలన్ భవాని పక్కన నానాజీగా నిలబడి మనల్ని భయపెట్టింది ఈ భరణిగారే. ఆ సినిమాకు మాటలు రాసిందీ ఆయనే. జె.డి., చిన్నా కూడా అందులో ఉన్నవాళ్ళే. దర్శకుడు శివనాగేశ్వరరావు రాంగోపాల్ వర్మ దగ్గర పనిచేసి వచ్చినవాడు, నిర్మాత వర్మ. అంటే 'శివ'లో కత్తులు పట్టిన లోకాన్ని అక్కడివాళ్ళే తిప్పి పట్టుకుని నవ్వించారు. అదే దాదా, అదే దాదా పక్కన అసిస్టెంటు, అదే గల్లీ. నా మటుకు 'మనీ'యే ఒక గొప్ప రెండో భాగం, 'శివ'కు.

1994లో బస్టాండు పోయింది. పోయింది అంటే ఆ రేకుల కప్పు కింద సిటీ బస్సులు మిగిలాయి. ఊళ్ళకు పోయే బస్సులన్నీ ఇమ్లీబన్‌లో కట్టిన మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కి మారాయి. ఊరికి అది అవసరమే. అంత పెద్ద నగరానికి ఆ పాత కప్పు చాలలేదు. కానీ సిటీ బస్సు ఎక్కేవాడు క్యాసెట్ కొనడు. వాడు చేతిలో చిల్లర పట్టుకుని పరుగెత్తుతుంటాడు. మా గల్లా పలచబడింది. నాయిన మధ్యాహ్నాలు తెగిన క్యాసెట్లు అతికించి ఇచ్చే పని మొదలుపెట్టాడు. చాచా తన షాపు ముందు మా బోర్డు కూడా ఒకటి పెట్టించాడు. అమ్మ కుట్టుమిషను కొన్నది ఆ రోజుల్లోనే.

'మనీ మనీ' వస్తోందని తెలిసినప్పుడు నాయిన సంతోషించలేదు, భయపడ్డాడు. మొదటిది ఆడింది కదా అని రెండోది తీస్తే ఆ మొదటిది కూడా చెడుతుందని ఆయన అనుమానం. అప్పటిదాకా తెలుగులో ఒక నవ్వుల సినిమాకు తర్వాతి కథ తీయడం మేం ఎరగం. జంధ్యాల సినిమాలు చూసి పెరిగిన ఇల్లు మాది. వాటిలో ఏదీ ఒకసారి ముగిశాక మళ్ళీ తలుపు తీయలేదు. "నవ్వు రెండోసారి అదే చోట రాదు రా" అన్నాడు నాయిన.

అయినా వెళ్ళాం. ఆబిడ్స్ వైపు హాలుకు గౌలిగూడ నుంచి నడిచే పోయాం. పుత్లీబౌలి, కోఠి, అక్కడి నుంచి ఆబిడ్స్. చాచా కూడా వచ్చాడు. ఖాన్ దాదా తెర మీద కనపడగానే హాలంతా లేచి ఈలలు వేసింది. అది హీరోకు పడే ఈల. ఒక కమెడియన్‌కు, ఒక్క మాట కూడా మాట్లాడకముందే, అట్లా పడటం నేను చూడటం అదే మొదటిసారి. చాచా నా భుజం మీద గట్టిగా చరిచి, "దేఖ్ బేటా, అప్నా ఖాన్ దాదా ఫిర్ ఆగయా!" అన్నాడు.

రెండోది మొదటిదానికి తీసిపోలేదని నేను ఎందుకంటానంటే, ఆ మనుషులను మార్చలేదు. హీరోయిన్‌గా రేణుకా షహానే స్థానంలో సురభి వచ్చింది, అంతే. ఖాన్ దాదాకు బుద్ధి రాలేదు. మొదటి సినిమాలో అన్ని దెబ్బలు తిన్నాక రెండో సినిమాలో వాడు తెలివైనవాడైపోతే మనకిక ఏం మిగులుతుంది? మాణిక్యం భక్తి తగ్గలేదు. కుర్రాళ్ళు చక్రి, బోసుల ఆశ తీరలేదు. మొదట్లో పక్క పాత్రగా వచ్చినవాడి కోసం జనం రెండోసారి టికెట్ కొన్నారని తెరవెనక ఉన్నవాళ్ళు గ్రహించారు, గ్రహించి అతణ్ణి దూరం పెట్టలేదు. చాలా రెండో భాగాలు చెడేది ఇక్కడే. మొదటిసారి నచ్చిన మనిషిని ఇంకా పెద్దవాణ్ణి చేద్దామని, ఇంకా ఖర్చు పెడదామని పోతారు. హాస్యంలో ఖర్చు కనపడితే నవ్వు ఆగిపోతుంది.

తర్వాత ఇదే సూత్రం వేరేచోట్లా కనపడింది. హిందీలో 2003లో వచ్చిన మున్నాభాయ్‌కీ, 2006లో వచ్చిన రెండోదానికీ కథలో పొత్తు లేదు. మున్నా, సర్క్యూట్ ఇద్దరూ మాత్రం అట్లాగే ఉన్నారు. 'డీజే టిల్లు' (2022) తర్వాత 'టిల్లు స్క్వేర్' (2024) చూసినప్పుడు నాకు అచ్చం అదే తృప్తి. దర్శకుడు మారాడు, హీరోయిన్ మారింది, సిద్ధు జొన్నలగడ్డ టిల్లు మాత్రం ఒక్క పాఠం నేర్చుకోకుండా మళ్ళీ అదే గోతిలో, అదే మాటకారితనంతో దిగాడు. టిల్లు మాట్లాడే మాట కూడా మా సందులో వినపడే మాటే. ఖాన్ దాదాకు వారసుడు దొరికాడని అనుకున్నాను. 'మనీ'నే వర్మ 2001లో హిందీలో 'లవ్ కే లియే కుఛ్ భీ కరేగా' పేరుతో తీయించాడు. జానీ లీవర్ ఆ దాదాగా బాగా చేశాడు. కానీ ఆ దాదా బొంబాయివాడు. మా సందులో అతన్ని ఎవరూ తమవాడని అనుకోలేదు.

2011లో జె.డి. చక్రవర్తే దర్శకుడిగా 'మనీ మనీ మోర్ మనీ' తీశాడు. ఖాన్ దాదా మళ్ళీ వచ్చాడు. నేను ఎంతో ఆశతో పోయాను, అది పాత రెండింటి దరికి రాలేదు. పదహారేళ్ళు గడిచిపోయాయి. ఖాన్ దాదా ఉన్న గల్లీలే మారిపోయాయి. అప్పులు వసూలు చేసేవాడు ఇంటి ముందుకొచ్చి నిలబడే కాలం పోయి ఫోన్లో వచ్చే కాలం మొదలైంది. చుట్టూ ఉన్న లోకం లేకుండా ఆ మనిషొక్కడే నిలబడలేడు.

నాయిన క్యాసెట్ల దుకాణం మెల్లగా సీడీలు, ఆ తర్వాత మొబైల్ రీచార్జులు చూసి మూతపడింది. ఆ హ్యాంగరు 2018 జులై 5న కుప్పకూలింది. శిథిలమైందని కొన్ని రోజుల ముందే బస్సులను ఆపేశారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వార్త చూసి చాచా కొడుకు నాకు ఫోన్ చేశాడు. మేమిద్దరం ఆ రేకుల గురించి మాట్లాడుకున్నది తక్కువ, ఖాన్ దాదా గురించి మాట్లాడుకున్నది ఎక్కువ.

మొన్న సెలవుల్లో మా అమ్మాయికి 'మనీ మనీ' చూపించాను. మొదటిది ముందు చూపిద్దామనుకున్నా, తనే దొరికింది పెట్టేసింది. ఖాన్ దాదా ఎవరో, మాణిక్యం అతన్ని ఎందుకంత మొక్కుతాడో ఏమీ తెలియని పిల్ల, మొదటి పది నిమిషాల్లోనే సోఫా మీద దొర్లి నవ్వింది. సగంలో ఆపి నా వైపు తిరిగి, "నాన్నా, వీళ్ళు ఇంతకుముందు కూడా ఇట్లాంటివి చేసిండ్రా?" అని అడిగింది. చేశారని చెప్పాను. "మరి అది ఎందుకు దాచినవ్?" అని కోప్పడి, అదే రాత్రి 'మనీ' కూడా పెట్టించుకుంది.