మక్కా మసీదులో ఓ సాయంత్రం

చార్మినార్‌కి ఎన్నోసార్లు వెళ్ళాను గానీ, పక్కనే ఉన్న మక్కా మసీదులో అడుగుపెట్టింది మాత్రం మొన్నటి రంజాన్‌లోనే. అదీ మా పక్కింటి ఆపా పుణ్యమా అని.

ఆపాకి షుగరు. ఇన్సులిన్ మీద ఉంది. ఈసారి రోజాలు వద్దని డాక్టరు గట్టిగా చెప్పేసరికి, చిన్నప్పట్నించీ ఉపవాసాలుండే మనిషి దిగులు పడిపోయింది. కాస్త మనసు మళ్ళుతుందని గాజుల వంకతో లాడ్ బజారుకి బయల్దేరదీశాను.

దారిలో హలీం ఘుమఘుమ. "నీకు రోజా లేదుగా ఆపా, తలో ప్లేటూ తిందామా?" అనేశాను. "ఇంతమంది మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉంటే నడిబజార్లో నేనెలా తినను చెల్లీ?" అంది. నాలిక్కరుచుకున్నాను.

పొద్దుగూకే వేళకి మసీదు చేరాం. 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టిస్తే, 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయిందట. మక్కా మట్టితో చేసిన ఇటుకలు వాడారు కనుక ఆ పేరొచ్చిందని చెబుతారు. కొలను దగ్గర మగవాళ్ళు వుజూ చేసుకుంటున్నారు. చేతులు, నోరు, ముక్కు, మొహం కడిగి, మోచేతుల దాకా నీళ్ళు పోసుకుని, తల తుడుచుకుని, పాదాలు కడుక్కోవాలి.

అజాన్ వినిపించగానే ఖర్జూరం, మంచినీళ్ళతో ఉపవాసం విడిచారు. వెంటనే మగ్రిబ్ నమాజుకి పడమటి దిక్కుగా, భుజం భుజం కలిపి బారులు తీరారు. ఓ ముసలాయన మాత్రం కుర్చీలో కూచునే చదువుతున్నాడు.

"అలా కూచోవచ్చా?" అడిగాను.

"నిలబడలేనివాళ్ళు కూచుని, అదీ కాకపోతే పడుకునైనా చదవచ్చు" అంటూ ఆపా ఒక్కొక్కటే వివరించింది. అల్లా ఒక్కడేననీ, ముహమ్మద్ ఆయన ప్రవక్త అనీ నమ్మడం మొదటిది. రోజుకి ఐదుసార్లు నమాజు. రంజాన్ నెల రోజాలు. ఏడాదిపాటు మిగిలి ఉన్న సొమ్ము తగినంత ఉంటే అందులో నలభయ్యో వంతు, అంటే నూటికి రెండున్నర, పేదలకి జకాత్. స్తోమత, ఓపిక ఉంటే జన్మలో ఒక్కసారి హజ్.

"మరి నీలా రోజా ఉండలేనివాళ్ళు?"

"నయమయ్యే జబ్బయితే తర్వాత ఉండాలి. నాలాంటివాళ్ళు రోజుకొక పేదకి అన్నం పెట్టాలి. దాన్ని ఫిద్యా అంటాం. అల్లా ఒప్పుకున్నాడు చెల్లీ, నా మనసే ఒప్పుకోవడం లేదు" అని కళ్ళొత్తుకుంది. ఏమనాలో తోచలేదు. చెయ్యి పట్టుకుని కూచున్నాను.

మర్నాటినుంచి ఆపా ఇంట్లో రోజూ ఓ మనిషికి అదనంగా వంట. మిషను కుట్టిన సొంత డబ్బుతోనే. ఉల్లిపాయలు తరిగివ్వడం నా వంతు. నాలుగు రోజులకి ఆపా మొహంలో మళ్ళీ కళ వచ్చింది.

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. కింద కూచోలేనని పూజ మానేసి బాధపడుతుంటారు. దేవుడి గదిలో ఆవిడకో స్టూలు వేశాను. "తప్పేమో" అన్నారు. కుర్చీలో నమాజు చదివిన ముసలాయన సంగతి చెప్పాను. ఇప్పుడు రోజూ దీపం ఆవిడే పెడుతున్నారు.